పసుపు చుక్క లేని తుపాకి

“మొత్తం నూట నలభై ఒకటి. ఇప్పుడు నూట నలభై,” అన్నాడు ఖల్ఫాన్, ఎవరూ అడగకముందే.

మస్కట్ నగరం ఖురం పేటలో ఆయన ఇంటి వెనక తుపాకుల కోసమే కట్టించిన పొడవాటి హాలు అది. గోడల నిండా అద్దాల పెట్టెలు, పెట్టెకో లైటు. నడిమధ్య పెట్టె ఒక్కటే ఖాళీ. రఘుపతి దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వరంగల్‌లో పదకొండేళ్లు ఎస్సైగా చేసి, మస్కట్ వచ్చి ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగతనాల క్లెయిములు తవ్వే పనిలో పడ్డ మనిషి. అడగని అంకె ముందుగా చెప్పేవాడికి ఆ అంకె మీదే ప్రాణం ఉంటుందని ఆయన అనుభవం.

ఖల్ఫాన్ పక్కన కాలేబ్ ఉన్నాడు. అదే కంపెనీ, అదే ఉద్యోగం, కాకపోతే రఘుపతి కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. ఊరు అమలాపురం. రఘుపతికి పద్నాలుగేళ్లలో పట్టుబడని అరబ్బీ వాడికి మూడేళ్లలో వచ్చేసింది. ఇందాక ఖర్జూరాల పళ్లెం ఖల్ఫాన్ తన చేత్తో కాలేబ్‌కి అందించి, రఘుపతికి మాత్రం పనివాడితో పంపాడు. ఇంత చిన్న సంగతి పట్టించుకోవడం సిగ్గుచేటని రఘుపతికీ తెలుసు. అయినా పట్టించుకున్నాడు. కడుపుమంటకు సిగ్గూ శరం ఎక్కడివి?

పోయింది ఒక అబూ ఫతీలా, అంటే ఒత్తి వెలిగించి పేల్చే పాతకాలపు పొడవాటి తుపాకి. నిన్న శుక్రవారం మాయమైంది. నిన్న సాయంత్రమే కాలేబ్ వచ్చి దొంగని తేల్చేశాడు. పెద్ద క్లెయిమ్ కాబట్టి రెండో మనిషి కూడా చూడాలని కంపెనీ రూలు. ఆ రెండో మనిషి కావడమే రఘుపతికి మండిపోతోంది.

“అసర్ నమాజు దాకా ఆగుతాను. మూడుంబావు,” అన్నాడు ఖల్ఫాన్ గల్ఫ్ ఉర్దూలో. “తర్వాత పోలీసులకు ఫోన్ చేసి నా పనివాడు ఆ భీమన్న పేరు చెప్తాను.”

రఘుపతి గడియారం చూశాడు. రెండూ అయిదు.

“పోయిన తుపాకి ఎన్నాళ్ల నాటిది సాబ్?”

“చాలా పాతది. రెండొందల ఏళ్లు. మూడొందలు కూడా ఉండొచ్చు. కాయితాల్లో ఉంటుంది.”

“ఎత్తితే బరువు మొదలు వైపా, గొట్టం వైపా?”

ఖల్ఫాన్ కాలేబ్ వైపు చూశాడు.

“పోనీ, దాని మీద చీలిక గానీ సొట్ట గానీ ఉండేదా?”

“నా దగ్గర సొట్టపోయిన సరుకు ఉండదు.”

“ఎప్పుడు కొన్నారు?”

ఇక్కడ మాత్రం ఖల్ఫాన్ మొహం వెలిగిపోయింది. “పోయిన మార్చి పదహారు, మగ్రిబ్ నమాజు అయ్యాక. బురైమిలో హమూద్ అని రిటైరైన మాస్టారు ఉన్నాడు. ఆయన దగ్గర తొమ్మిది తుపాకులు. తొమ్మిదే! అయినా తుపాకుల మాట వస్తే అందరూ ఆయన్నే అడుగుతారు. మ్యూజియం వాళ్లు కూడా. ఆ రోజు పొద్దున ఆయన ఒక వ్యాపారి దగ్గర ఈ అబూ ఫతీలాని అరగంట చేతిలో పట్టుకుని చూశాడట. నాకు కబురొచ్చింది. ఆ రాత్రికే అది నా ఇంట్లో ఉంది.”

“ఆయన ఎందుకు కొనలేదు?”

“అంత స్తోమత ఏది?” ఖల్ఫాన్ నవ్వాడు. “అంతకు ముందు ఆయన పనివాడు భీమన్నని కూడా నేనే తెచ్చుకున్నాను, రెట్టింపు జీతమిచ్చి.”

తుపాకి ఎన్నాళ్లదో తెలియదు గానీ, అది హమూద్‌కి దక్కని రోజు తారీఖుతో సహా గుర్తుంది! రఘుపతికి ఆ మనిషి మీద కోపం రాలేదు. ఆ జబ్బు తనకి బాగా తెలిసిన జబ్బే.

ఖల్ఫాన్ అత్తరు వాసన వదిలి బయటికి వెళ్లాడు. కాలేబ్ ట్యాబ్ తెరిచాడు.

“చూడండి అన్నగారూ. గేటు కెమెరా, భీమన్న ఫోను, వాడు చెప్పిన మాటలు కలిపి వేసిన లెక్క ఇది. పదకొండు యాభైకి సాబ్ గారు కుటుంబంతో జుమా నమాజుకి వెళ్లారు. ఇంట్లో భీమన్న ఒక్కడే. పన్నెండున్నరకి ఈ హాలు తెరిచానని వాడే ఒప్పుకున్నాడు. తాళాలు రెండే, ఒకటి సాబ్ గారిది, రెండోది భీమన్నది. పన్నెండూ నలభైకి భీమన్న బురైమికి, అదే పాత యజమాని హమూద్‌కి ఫోన్ చేశాడు. ఒకటీ పదికి సాబ్ గారు తిరిగొచ్చారు. ఒకటీ ఇరవై అయిదుకి భీమన్న పొడవాటి చుట్ట చంకలో పెట్టుకుని మబేలా టాక్సీ ఎక్కాడు. నాలుగింటికి సాబ్ గారు హాలు తెరిస్తే పెట్టె ఖాళీ. ఇంకేం కావాలండి?”

“చుట్టలో ఏముందట?”

“చాపలంటాడు. ఇంటికి పంపే కార్టన్‌లో పెట్టడానికి మబేలాలో ఫ్రెండ్ రూమ్‌కి తీసుకెళ్లాడట. చెప్తాడు కదండీ మరి.”

రఘుపతి జేబులోంచి టేపు తీసి ఖాళీ పెట్టెలో తుపాకిని ఆనించే రెండు కొక్కేల మధ్య దూరం, వాటికి అటూ ఇటూ వెల్వెట్ మీద పడ్డ అచ్చు కొలిచాడు. అయిదున్నర అడుగులు.

“ఆ వీడియో పెట్టు. టాక్సీ ఎక్కేది.”

కాలేబ్ పెట్టాడు. భీమన్న వెనక తలుపు తీసి, చుట్టని సీటు మీద అడ్డంగా పెట్టి, తలుపేసి, ముందు సీట్లో కూర్చున్నాడు.

“తలుపు పడిందా?”

“పడింది.”

“కారు వెనక సీటు వెడల్పెంత తమ్ముడూ? అయిదున్నర అడుగుల ఇనుప గొట్టాన్ని అడ్డంగా పెట్టి తలుపేస్తే అద్దమన్నా పగలాలె, గొట్టమన్నా వంగాలె.”

కాలేబ్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ ఒక్క క్షణం రఘుపతికి పెరుగన్నం తిన్నంత చల్లగా ఉంది.

“రెండు ముక్కలుగా విప్పాడేమో,” అన్నాడు కాలేబ్. “మీరెప్పుడూ ఇంతే. నేను గీసిన గీత మీద అడ్డగీత గీయకపోతే మీకు పొద్దుపోదు. ఆఫీసులో అందరూ నవ్వుకుంటున్నారు, తెలుసా అండి?”

“నవ్వనీ. మొన్నామధ్య నువ్వు దీనికి విలువ కట్టినప్పుడు తీసిన ఫోటోలు పంపినవు గదా, చాలు. పది నిమిషాలు బయటుండు.”

“పూర్తి ఫైలు చూడరా?”

“నీ రాత చదివే ఓపిక లేదు నాకు.”

కాలేబ్ సంచి తగిలించుకుని బయటికి వెళ్లాడు.

రెండూ ఇరవై ఎనిమిది. రఘుపతి ఒక పెట్టె తెరిచి అందులోని తుపాకిని రెండు చేతులా దించాడు. గొట్టం తళతళ మెరుస్తోంది, వెండి కట్లు కొత్త పట్టీల్లా ఉన్నాయి. చూపరులకు కనబడేదంతా చూసి, ఆ తర్వాత పోలీసు అలవాటుగా కనబడని వైపు తిప్పాడు. మొదలు కింద, చెక్క మీద, చిటికెన వేలి గోరంత పసుపు మరక ఉంది. వేలితో రుద్ది వాసన చూశాడు. పసుపే. వంటింటి పసుపు!

రెండో తుపాకి దించాడు. దాని కిందా ఉంది. మూడోది, నాలుగోది... పదిహేడు తిప్పి చూస్తే పదిహేడింటి కిందా అదే చోట అదే చుక్క. రఘుపతి చివరిది చేతిలోనే పట్టుకున్నాడు. తలుపు దగ్గరికి వెళ్లి కేకేశాడు.

“భీమన్నా!”

భీమన్న వచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె, యాభై దాటిన వయసు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

“ఇదేంది?” అన్నాడు రఘుపతి, తుపాకి తిప్పి పట్టుకుని.

భీమన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. “తప్పయింది సారూ. దసరా నాడు పెట్టిన. ఇదివరకు సైట్ల మేస్త్రి పని చేసినన్నాళ్లు తాపీకి, గుండుకు పెట్టేటోన్ని. చేతిల ఆయుధం పట్టుకొని దసరా నాడు దానికి బొట్టు పెట్టకుంటే మనసొప్పదు గదా. పనిచ్చిన అర్బాబ్ దేవుడు వేరే, నా దేవుడు వేరే. అందుకే కనవడని తాన, చిటికెడంత.”

“అర్బాబ్ ఏమీ అనలేదా?”

“మూడు దసరాలాయె సారూ. ఆయన ఒక్కదాన్ని గూడ తిప్పి చూడలె.”

“మరి బురైమిలో? హమూద్ మాస్టారు దగ్గర?”

భీమన్న మొహం మీదికి అంత భయంలోనూ నవ్వొచ్చింది. “ఆయన మొదటి దసరా తెల్లారే పట్టిండు. రోజూ ఒకదాన్ని ఒళ్లె పెట్టుకొని తడుముతడు గద. ‘ఇదేంది భీమన్నా’ అన్నడు. చెప్పిన. వాసన చూసిండు. ‘చెక్కకు పెట్టుకో, ఇనుముకు పెట్టకు, చెమ్మ పట్టి తుప్పొస్తది’ అన్నడు. గంతే. తొమ్మిదింటికి ఏడ గీత పడ్డదో, ఏది ఎవరి తాత భుజం మీద తిరిగిందో అన్నీ ఎరుక ఆయనకు. పదోది కొందామని ఎన్నిటినో చూసిండు, కొనలె. నచ్చింది దొరికేదాక ఉత్త చేతులతోనే ఉంట అనేటోడు.”

రఘుపతి నూట నలభై పెట్టెల వైపు చూశాడు. సేకరించేవాడికీ పోగేసేవాడికీ తేడా చెప్పమంటే పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు, ఈ పసుపు చుక్క చాలు. ఒకడు ఒక్క రోజులో చూశాడు, ఇంకొకడు మూడేళ్లలో చూడలేదు.

ఫోన్ తీసి కాలేబ్ పంపిన ఫోటోలు తిప్పాడు. ఆరు ఫోటోలు. తారీఖు నవంబర్ పంతొమ్మిది, అంటే దసరా వెళ్లి నెల దాటాక. నాలుగో ఫోటోలో పోయిన తుపాకి మొదలు కింది భాగం స్పష్టంగా ఉంది. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. చుక్క లేదు.

“అన్నిటికీ పెట్టినవు. పోయినదానికి ఎందుకు పెట్టలేదు?”

భీమన్న నేల చూపులు చూశాడు.

“చెప్పు.”

“వద్దు సారూ. అర్బాబ్ ఉప్పు తిన్న.”

“నీ ఫ్లైట్ ఎన్నడు?”

“తొమ్మిది దినాలకు. ఖతం చేసుకొని పోతున్న, మళ్ల రాను. ఇంటికాడ మా యాదవ్వ ఎదురుచూస్తున్నది.”

“మూడుంబావుకు పోలీసులొస్తరు. ఫ్లైటూ ఉండది, ఏం ఉండది. మీ యాదవ్వకు ఎవలు చెప్పాలె? నన్ను చెప్పమంటవా, మొగడు దొంగతనం చేసి జైలుకు పోయిండని?” రఘుపతికి తెలియకుండానే సొంత యాస బయటికొచ్చేసింది.

భీమన్న గోడకు ఆనుకుని అట్లాగే కింద కూలబడ్డాడు. “అది ఉత్త బొమ్మ సారూ! ఒక్కనాడు గూడ పేలలె. మందు అంటుకునే సందు ఉంటది సూడు గొట్టం పక్కన, అది దబ్బనంతోటి పొడిచినట్టు కొత్తగున్నది. వందేండ్లు నిప్పు తిన్న సందు గట్లుంటదా? అంచులు కరిగిపోయి, నల్లగ, పుచ్చిపోయిన పన్ను తీరుగ ఉంటది. దసరా నాడు బొట్టు పెడ్దామని తిప్పిన, చెయ్యి రాలె. బొమ్మకు బొట్టెందుకు?”

రఘుపతి అయిదో ఫోటో తీశాడు. సన్నటి రంధ్రం, పదునైన అంచులు. చూసేవాడికి కళ్లుంటే చాలు, అందులోనే ఉంది సాక్ష్యం. హమూద్ అరగంట పట్టుకుని చూసి ఎందుకు వదిలేశాడో ఇప్పుడర్థమైంది.

“ఈ సంగతి ఎవరికి చెప్పినవు?”

“మొన్న గురువారం అర్బాబ్‌కు చెప్పిన. రేపు ఆదివారం మ్యూజియం పెద్దమనుషులు దీన్నే చూడవస్తున్నరు. హమూద్ మాస్టారును గూడ పిలిచిండు, ఆయన ముందల చూపియ్యాల్నని. పది మందిల ఇజ్జత్ పోతదని చెవుల చెప్పిన.”

“అర్బాబ్ ఏమన్నాడు?”

“ఏమనలె. నా భుజం మీద చెయ్యేసిండు.”

“మరి నిన్న హాలు ఎందుకు తెరిచినవు? హమూద్‌కు ఫోన్ ఎందుకు?”

“శుక్రారం శుక్రారం చెమ్మ తీసే మిషన్ల నీళ్లు పారబోస్త. మాస్టారుకు ప్రతి శుక్రారం ఫోన్ చేస్త, మా తుపాకులు ఎట్లున్నయని నేనడుగుత. నేను నీళ్లు పారబోసినప్పుడు ఆ బొమ్మ పెట్టెలనే ఉన్నది సారూ, నా పిల్లల మీద ఒట్టు.”

పన్నెండున్నరకు ఉంది, నాలుగింటికి లేదు. ఒకటీ పది నుంచి ఇంట్లో ఉన్న ఇంకో తాళం ఎవరిది? నకిలీ అని తెలిసిన పనివాడు నకిలీని దొంగిలించడు. అసలుగా ఇన్సూరెన్స్ చేయించినవాడికే అది మాయం కావడం లాభం. పైగా ఈ ఇంట్లో నకిలీ అని తెలిసిన ఒకే ఒక్క నోరు జైల్లో మూతబడుతుంది.

“కాలేబ్‌కు ఎందుకు చెప్పలేదు నిన్న?”

“అర్బాబ్ ఉత్త బొమ్మను కొన్నడని పరాయోనికి ఎట్ల చెప్త సారూ?”

ఓరి పిచ్చి తండ్రీ! తన మెడ మీదికి కత్తి వస్తుంటే, పట్టుకున్నవాడి పరువు కాపాడుతున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన రఘుపతి మనసు భీమన్న మీద లేదు. ఈ నకిలీ తుపాకిని నవంబర్‌లో పరిశీలించింది ఎవరు? కాలేబ్. ఫోటోలు తీసింది, విలువ కట్టింది ఎవరు? కాలేబ్! మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ‘ఏంటి కాలేబ్ ఇది’ అనడం కళ్లకు కట్టింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత ఆనందం ఎరగడు. తలుపు తీసి, “రా తమ్ముడూ, లోపలికి రా,” అని తేనె పూసిన గొంతుతో పిలిచాడు.

రెండూ యాభై రెండు.

అంతా చెప్పాడు. సందు సంగతి, పసుపు సంగతి, గురువారం సంగతి. చెప్పి, చివర్న అసలు కత్తి దూశాడు. “ఇంత కళ్లకు కనబడుతుంటే అసలుదని విలువ ఎట్లా కట్టినవు? ఫోటో తీసేటప్పుడు కళ్లు మూసుకున్నవా?”

కాలేబ్ మొహం మారలేదు. సంచిలోంచి ఫైలు తీసి, చివరి పేజీ తిప్పి, రఘుపతి ముందు పెట్టాడు.

“ఇందాకే చూడమన్నానండి.”

గుండ్రటి చేతిరాతతో, ఇంగ్లీషులో, మూడు లైన్లు. మందు రంధ్రం కొత్తగా ఉంది, తుపాకి పాతది కాకపోవచ్చు, నిపుణుడికి చూపించనిదే విలువ కట్టవద్దు అని. ఆ మూడు లైన్ల మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పక్కన ‘అనవసరపు ఆలస్యం’ అని రాసి ఉంది. కింద సంతకం.

సంతకం రఘుపతిది.

పాలసీ ఖల్ఫాన్ పేరు మీద లేదు, ఆయన పాలరాయి కంపెనీ పేరు మీద ఉంది. నవంబర్ నెలాఖరు మధ్యాహ్నం, కాలేబ్ ఫైళ్లన్నీ రెండో సంతకం కోసం తన బల్ల మీద గుట్టగా పడ్డాయి. వాడి చేతిరాత కనబడితే చాలు ఒళ్లు మండేది. చదవలేదు. ఎర్ర పెన్ను తీసి కొట్టేశాడు. ఆ ఒక్కటే కాదు, ఆ రోజు ఇంకో నాలుగు కూడా.

“మీరు గీత గీశారు. నేను నోరు మూసుకున్నాను,” అన్నాడు కాలేబ్ మెల్లగా. “నిన్న ఈ ఖాళీ పెట్టె చూడగానే గుర్తొచ్చింది. తుపాకి నకిలీ అని తేలితే ముందు పోయేది సాబ్ గారు కాదు, మీరు. ఉద్యోగం, వీసా, అన్నీ. భీమన్న మీద రాసేస్తే ఈ పేజీ ఎవరూ తిప్పరు.”

“భీమన్న మరి?”

“ఏదో ఒకటి అవుతుందండి. ఏడాదో, రెండేళ్లో. మీకేం కాదు. మీరు నాకు థాంక్స్ కూడా చెప్పక్కర్లేదు.”

ఆ చివరి మాట అనకుండా ఉంటే రఘుపతి ఏం చేసేవాడో చెప్పలేం. ఇంటి అద్దె, హన్మకొండలో చదువుకుంటున్న కూతురు సింధూజ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. లొంగిపోయేవాడేనేమో. కానీ రేపటి నుంచి రోజూ పొద్దున ఆఫీసులో వీడి మొహం చూడాలి. వీడు చిరునవ్వు నవ్వుతాడు. తను వీడి దయతో కూర్చున్న కుర్చీలో కూర్చుంటాడు. ఛీ! దానికన్నా జైలే నయం. మంచితనంతో వచ్చిన ధైర్యం కాదది, పచ్చి అసూయ. ఎలా వస్తేనేం, వచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోన్. దూరంగా మసీదు నుంచి అజాన్ మొదలైంది.

“ఏం తేల్చారు?”

కాలేబ్ నోరు తెరిచేలోగా రఘుపతి ముందుకొచ్చాడు. “దొంగతనం జరగలేదు సాబ్. అది నకిలీ తుపాకి. గురువారం భీమన్న చెప్పేదాకా మీకూ తెలియదు. రేపు హమూద్ మాస్టారు ముందు అది బయటపడకూడదని మీరే మాయం చేశారు. నవంబర్‌లోనే దీన్ని ఆపాల్సింది నేను. చూడకుండా సంతకం పెట్టాను. ఇదే నా రిపోర్టు. పోలీసులకీ ఇదే చెప్తాను.”

భీమన్న లేచి నిలబడ్డాడు. ఖల్ఫాన్ అరుస్తాడనుకున్నాడు రఘుపతి. అరవలేదు. ఆయన తీరిగ్గా ఖాళీ పెట్టె దాకా నడిచి, అద్దం మీద వేలిముద్రను మోచేతితో తుడిచాడు.

“సంతకం నీదేనన్నావు,” అన్నాడు. “నా తుపాకి అసలుదని కాయితం మీద ఒప్పుకున్నావు. దాని విలువెంతో, అదెక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో నీకు తెలుసు. తాళమున్నవాడిది మీ భాష. ఇప్పుడు మీరిద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. బయటికొచ్చి దొంగతనమే జరగలేదంటున్నావు.” కాలేబ్ వైపు తిరిగాడు. “తలుపేసుకున్నారా లేదా?”

రఘుపతి కాలేబ్ కళ్లలోకి చూశాడు. కాలేబ్ ఫైలు మూసి సంచిలో పెట్టుకుని జిప్ లాగాడు.

“వేసుకున్నారండి. పావుగంట. నేను బయటే ఉన్నాను.”

అందులో ఒక్క అబద్ధం లేదు.

ఖల్ఫాన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలివాళ్లతో అరబ్బీలో గబగబా మాట్లాడి, భీమన్న పేరు చెప్పాడు. తర్వాత రఘుపతి పేరు చెప్పాడు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, “ఇతని బతాకా నంబర్ ఉందా?” అని కాలేబ్‌ని అడిగాడు.

కాలేబ్ తన ఫోన్‌లో ఆఫీసు లిస్టు తెరిచి, రఘుపతి రెసిడెంట్ కార్డు నంబర్ ఒక్కో అంకె విడివిడిగా, తప్పు పోకుండా చదివి వినిపించాడు.

భీమన్నకు అరబ్బీ అంతంత మాత్రం. పేర్లు మాత్రం తెలిశాయి. రఘుపతి దగ్గరికి జరిగి, చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు.

“సారూ, నా పేరు సరే. మీ పేరెందుకు చెప్తుండు?”